వీశె పోయింది, అడుగు మిగిలింది

1956 నవంబర్ 1న ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు కలిసి ఒక రాష్ట్రమయ్యేనాటికి భాష ఒకటే గానీ మణుగు ఒకటి కాదు. బెజవాడ కొట్లో మణుగంటే ఎనిమిది వీశెలు. ఇప్పటి లెక్కలో అది 11 కిలోల 200 గ్రాములు. హైదరాబాద్ బేగంబజార్‌లో పక్కా మణుగంటే 40 శేర్లు, అంటే 37 కిలోల పైమాటే. పోనీ శేరైనా కలుస్తుందా అంటే అదీ లేదు. మద్రాసు తూకంలో శేరుకు 24 తులాలు, అటువైపు 80 తులాలు. కోస్తా శేర్లు మూడు కలిపి తక్కెట్లో వేసినా హైదరాబాద్ శేరుకు తూగవు. అక్కడ మళ్లీ కచ్చా అని, పక్కా అని రెండు రకాలు. బియ్యం, పాలు కొలిచే శేరు వేరే.

రాష్ట్రం పుట్టి రెండు నెలలు కాకముందే, డిసెంబర్ 28న, ఢిల్లీలో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. వీశె, శేరు, పలం, మణుగు, గజం, మైలు, గాలను అన్నీ పోవాలి, వాటి చోట కిలో, మీటరు, లీటరు రావాలి. దేశం తన కొలతలను మార్చుకోవాలా అక్కర్లేదా అన్న వాదన అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఇప్పటికీ తెగలేదు. మన దగ్గర మాత్రం ఐదారేళ్లలో తెగిపోయిందని అందరూ అనుకుంటారు. సంతలో నిజంగానే తెగిపోయింది. పొలం గట్టు మీద, నది ఒడ్డున తెగలేదు. ఆ తేడా ఎక్కడ మొదలైందో చూడాలంటే పాత కొలతలు ఎవరి చేతిలో ఉండేవో ముందు చూడాలి.

గింజల కొలతల వరస పాతతరం వాళ్లకు నోటికి వస్తుంది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. మధ్యలో రెండు మానికలకు అడ్డ, ఐదు తూములకు ఏదుం, పది తూములకు పందుం. పెద్దబాలశిక్ష చదివిన పిల్లలు ఈ పట్టికలన్నీ వల్లించేవారు. పేర్లు చాలా ఊళ్లలో ఇవే. చిక్కల్లా ఆ పేరున్న పాత్ర ఎంత పడుతుందన్న దగ్గరే. నెల్లూరు పుట్టికీ బందరు పుట్టికీ పొత్తు కుదరదు. ఒకే తాలూకాలో రెండు సంతల్లో రెండు కుంచాలు ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

శిస్తు గింజల్లో కట్టి, కౌలు గింజల్లో ఇచ్చి, పాలేరు జీతం గింజల్లో కొలిచిన రోజుల్లో కుంచమే డబ్బు. తీసుకునేటప్పుడు కుంచం మీద గోపురంలా పోగుపోసి, ఇచ్చేటప్పుడు అంచు వెంట కర్రతో గీసి కొలిస్తే చాలు, కుంచం మారకుండానే కొలత మారిపోతుంది. ఇది తెలుగు భూస్వాములు కనిపెట్టిన విద్యేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ద్రోణమనే కొలతను నాలుగు రకాలుగా చెబుతుంది. రాజుకు రాబడి వచ్చేటప్పుడు వాడే ద్రోణం 200 పలాలు. బజారులో అమ్మకాలకు 187న్నర. జీతభత్యాలు ఇచ్చేటప్పుడు 175. అంతఃపురానికి కొలిచేటప్పుడు 162న్నర. మోసమని కాదు, సాక్షాత్తూ శాసనంగానే రాసిపెట్టాడాయన. అదే పుస్తకం తూనికలను నాలుగు నెలలకోసారి తనిఖీ చేసి ముద్ర వేయాలని కూడా చెబుతుంది. అంటే తనిఖీ అధికారి, అతనికి కట్టే రుసుము రెండూ ఈ దేశానికి కొత్త కాదు.

కళ్లంలో గింజలు కొలిచేవాడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ లాభం ఎవరిదో కుంచం ఎవరిదన్నదాన్ని బట్టి ఉండేది.

కొనేవాడికి తన ఆయుధాలు తనకున్నాయి. కొసరు అడగడం, ముల్లు తనవైపు మొగ్గేదాకా చూసి గానీ సంచీ పట్టకపోవడం అందులోవే. తూకం ఖచ్చితంగా ఉండదని ఇద్దరికీ తెలుసు కాబట్టే ఈ మర్యాదలన్నీ పుట్టాయి. అయితే కొసరు అడగగలిగేది ఊళ్లో నలుగురికీ తెలిసిన మనిషి. పొరుగూరి నుంచి మిరపకాయలు తెచ్చిన రైతుకు ఆ దర్జా లేదు.

ఇంగ్లీషువాళ్లకు ఈ గందరగోళం వ్యాపారంలో అడ్డం వచ్చింది. 1833లో కలకత్తాలో రూపాయి బరువును 180 గ్రెయిన్లకు ఖాయం చేసి దాన్నే తులమన్నారు. 80 తులాలు శేరు, 40 శేర్లు మణుగు. రైళ్లు వచ్చాక రైల్వేలు ఈ బెంగాలీ మణుగునే పట్టుకున్నాయి. మద్రాసు రాజధానిలో మాత్రం మూడు తులాల పలం, 40 పలాల వీశె, ఎనిమిది వీశెల మణుగు, 20 మణుగుల బారువ నడిచాయి. మద్రాసు మణుగులు పదైతే బెంగాలీ మణుగులు మూడు. గుంటూరులో ఒక మణుగులో కొన్న సరుకుకు స్టేషనులో ఇంకో మణుగులో రశీదు వచ్చేది. లెక్క తెలిసిన గుమాస్తాకు అది పెద్ద కష్టం కాదు. ఆ లెక్క తెలియని రైతు ఆ గుమాస్తా మాట నమ్మక తప్పేది కాదు.

మెట్రిక్ పద్ధతి మన దేశపు గుమ్మం దాకా ఒకసారి వచ్చి వెనుదిరిగిందని చాలామందికి తెలియదు. లార్డ్ మేయో వైస్రాయిగా ఉండగా, కర్నల్ రిచర్డ్ స్ట్రాచీ వంటివారి పట్టుదలతో, 1871లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం శేరంటే సరిగ్గా ఒక కిలోగ్రాము. పేరు దేశీ, బరువు ఫ్రెంచి. ఆ ఉపాయం తెలివైనదే. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మేయో అండమాన్‌లో హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు చట్టాన్ని కాగితాల్లోనే ఉంచేశారు. ఇంగ్లండే ఇంకా పౌన్లు, గజాల్లో లెక్కపెట్టుకుంటుంటే ఇండియాను కిలోలోకి తోయడం లండన్‌కు రుచించే పని కూడా కాదు. 1913లో సిల్బెరాడ్ అధ్యక్షతన మళ్లీ ఒక కమిటీ వేశారు. అది 180 గ్రెయిన్ల తులానికే ఓటేసింది. 1939లో ఆ తులం మీదే దేశమంతటికీ ఒక తూకాల చట్టం చేశారు. చట్టం చేశారు గానీ కొట్టుకొట్టుకూ వెళ్లి వీశె గుండు తీసేసే మనుషుల్ని మాత్రం పెట్టలేదు.

పాత పద్ధతిని వెనకేసుకొచ్చినవాళ్ల వాదనలో పస లేదనుకుంటే పొరపాటు. రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానులు. వీధిబడిలో అర ఎక్కం, పావు ఎక్కం, వీసం ఎక్కం నేర్చుకున్నవాడికి సగంలో సగం, అందులో సగం తీయడం కాగితం కలం అక్కర్లేని పని. 16ను సగాలు చేసుకుంటూ పోతే ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. చివరిదాకా ఎక్కడా చిల్లు పడదు. నూరును అలాగే చేస్తే 50, 25, ఆ తర్వాత పన్నెండున్నర. బెల్లం దిమ్మను, బట్ట తానును, పంచాయతీలో ఆస్తిని మనుషులు సగాలు, పావులుగానే పంచుకుంటారు. పదో భాగంగా ఎవరూ పంచుకోరు. సంతలో చేతి లెక్కకు పాత పద్ధతే అనువైనది. కొత్తది కాగితం మీద లెక్కకు, పద్దు పుస్తకానికి, ఫ్యాక్టరీకి, ప్రణాళికా సంఘానికి అనువైనది. 1950ల్లో దేశం ఎటు వెళ్లాలని ఢిల్లీ అనుకుందో తెలిస్తే ఏది గెలిచిందో వేరే చెప్పక్కర్లేదు.

1949లోనే ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ కమిటీ మెట్రిక్ వైపు మొగ్గింది. ఆ సంస్థ డైరెక్టర్ లాల్ చంద్ వర్మన్, గణాంకవేత్త మహలనోబిస్ దానికి గట్టి మద్దతుదారులు. కలకత్తాలో ఫణీంద్రనాథ్ సేఠ్ దశాంశ పద్ధతి కోసం ఏళ్ల తరబడి ప్రచారం చేశాడు. నెహ్రూకు సైన్సన్నా, ప్రణాళికన్నా ఉన్న మక్కువ తెలిసిందే. వాళ్ల వాదనలో అన్నిటికంటే బలమైన మాట ఒకటుంది. పరిశ్రమలు ఇంకా చిన్నవిగా ఉన్నప్పుడే మార్చుకుంటే ఖర్చు తక్కువ. మిల్లులు, యంత్రాలు, అచ్చులు అన్నీ అంగుళాల్లో పాతుకుపోయాక మార్చాలంటే కోట్లు పోయాలి. ఆ మాట ఎంత నిజమో ఆ తర్వాత అమెరికాను చూస్తే తెలిసింది.

ముందు డబ్బు మారింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయాపైసలు. దశాంశ నాణేల బిల్లు 1946లో ఒకసారి వచ్చి ఆగిపోయింది. ఈసారి ఆగలేదు. అణా విలువ ఆరుంపావు నయాపైసలు. పావు నయాపైసా నాణెం లేదు కాబట్టి అణాకు ఆరే. రెండణాలకు 12. మూడణాలకు 19. నాలుగణాలకు సరిగ్గా 25. ఇందులో ఉన్న మెలిక కొట్టువాడికీ కొనేవాడికీ ఒక్క పూటలోనే అర్థమైపోయింది. అణా వస్తువులు ఆరు విడివిడిగా కొంటే 36 నయాపైసలు, ఒకేసారి కొంటే 37. రెండణాల పోస్టు కవరుకు 12న్నర రావాలి. పోస్టాఫీసు దాన్ని 13 చేసి, 13 నయాపైసల బిళ్ల ముద్రించింది. అరపైసా ఎవరి జేబులోకి పోతుందనే గొడవలో ప్రభుత్వమూ కొట్టువాడి పక్కనే నిలబడ్డట్టయింది.

తెలంగాణ జనానికి ఈ తంటా అప్పటికి కొత్తేమీ కాదు. నిజాం హాలీ సిక్కా ఏడు రూపాయలిస్తే ఇండియా కల్దార్ రూపాయలు ఆరు వచ్చేవి. 1950ల్లో హాలీ చలామణీ ముగిసి కల్దార్‌కు అలవాటు పడుతుండగానే నయాపైసా వచ్చిపడింది. ఒకే తరం మనుషులు పదేళ్లలోపే రెండుసార్లు డబ్బును తర్జుమా చేసుకున్నారు. వాళ్లలో చదువురానివాళ్లే ఎక్కువ. కొత్త కొలతలు పామరులకు పట్టుబడవని పట్నాల్లో వాదించిన పెద్దమనుషులు దీన్ని చూసినట్టు లేదు.

ఏ నాణెం ఎన్నాళ్లు నిలిచిందో చూస్తే అందులోనూ ఒక లెక్క ఉంది. పావలా 25 పైసలకు, అర్ధరూపాయి 50 పైసలకు అచ్చంగా సరిపోయాయి కాబట్టి పేర్లు నిలిచాయి. బేడ, అంటే రెండణాలు, పన్నెండున్నరకు ఏ నాణెమూ కుదరలేదు. ఒక తరంలో ఆ మాటే మాయమైంది. 1964 జూన్‌లో నయాపైసా ముందున్న ‘నయా’ తీసేశారు. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. అయినా అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల అప్పులకు ‘పావలా వడ్డీ’ అనే ప్రభుత్వ పథకమే నడుస్తోంది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు శాతం.

తూకాల మార్పు 1958 అక్టోబర్ 1న మొదలైంది. ప్రభుత్వం ఇక్కడ చేసిన తెలివైన పని, అన్నీ ఒక్కరోజున మార్చకపోవడం. ముందుగా ఉక్కు, సిమెంటు, నూలు మిల్లుల వంటి పెద్ద పరిశ్రమలు, ఎంపిక చేసిన కొన్ని ప్రాంతాలు. తర్వాత మిగతావి. ప్రతిచోటా కొంతకాలం పాతదీ కొత్తదీ పక్కపక్కన నడవనిచ్చి, తర్వాత పాతదాన్ని నేరం చేశారు. ఆంధ్రప్రదేశ్ 1958లోనే తూనికలు కొలతల అమలు చట్టం చేసుకుంది. 1962 ఏప్రిల్ నాటికి దేశమంతటా తూకాల్లో కిలో తప్పనిసరైంది. ఆ దరిదాపుల్లోనే బట్ట మీటర్లలోకి, పెట్రోలు లీటర్లలోకి, రోడ్డు కిలోమీటర్లలోకి మారాయి.

చట్టం కంటే ఎక్కువ పని చేసింది ఇనుప గుండు. ఆరు పలకల గుండు, దాని గుంటలో సీసం, ఆ సీసం మీద తనిఖీ అధికారి ముద్ర. అరిగినా, గీకినా, ముద్ర లేకపోయినా దొరికిపోతుంది. పాత పడికట్టు రాళ్లలో రాయి, ఇనపముక్క, ఒక్కోచోట చింతపండు మూటలో దాచిన గులకరాయి కూడా ఉండేవి. ముద్ర వేసిన గుండు వచ్చాక మోసం ఆగలేదు. తక్కెడ పళ్లెం కింద మైనం అంటించడం, కాడను కొంచెం పక్కకు జరపడం వంటి కొత్త విద్యలు పుట్టాయి. అయినా శ్రీకాకుళం సంతలో కిలో, ఆదిలాబాద్ సంతలో కిలో ఒకటే అయ్యాయి. అది ఈ నేల మీద అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఈ మార్పు రెండు వైపులా ఒకేలా అనిపించి ఉండదు. హైదరాబాద్ శేరు 933 గ్రాములు. కిలో దానికంటే పిడికెడు ఎక్కువ. కాబట్టి అక్కడివాళ్లకు కిలో ఒక దొడ్డచేతి శేరులా కనిపించింది. కోస్తాలో వీశె కిలో 400 గ్రాములు. వాళ్లకు కిలో అంటే చెక్కేసిన వీశె. వీశె ధరకే కిలో అమ్మేసే కొట్టువాడి మీద కోస్తాలో ఎక్కువ కన్నేసి ఉంచాల్సి వచ్చేది. లెక్క మాత్రం ఆశ్చర్యంగా కుదిరింది. ఐదు వీశెలు ఏడు కిలోలతో దాదాపు రెండు గ్రాముల తేడాలో సమానం. ఆ ఒక్క ముక్క నోటికొస్తే వీశె లెక్కలన్నీ కిలోల్లోకి వచ్చేస్తాయి. వీశె కోస్తా బజార్లలో ఇలా కరిగిపోయింది గానీ బర్మాలో చావలేదు. కొంత బరువెక్కి, 1.63 కిలోల వీశెగా రంగూన్ కూరగాయల బజారులో ఈనాటికీ తూగుతోంది.

1957లోనే భారత్ అంతర్జాతీయ మీటరు ఒడంబడికలో చేరింది. దేశపు కిలోకు మూలమైన 57వ నంబరు ప్లాటినం ఇరిడియం దిమ్మ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. 2019 మే 20 నుంచి కిలోకు లోహపు దిమ్మతో పని లేదు, ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు. సంతలో కూరగాయల బండివాడికి దాని వల్ల ఒక్క గ్రాము తేడా రాలేదు.

అమెరికా కథ దీనికి పూర్తిగా అడ్డం. థామస్ జెఫర్సన్ 1790లోనే దశాంశ కొలతలు ప్రతిపాదించాడు. 1875లో మీటరు ఒడంబడిక మీద సంతకం పెట్టిన మొదటి దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడి గజాన్ని 1893 నుంచి మీటరు ఆధారంగానే నిర్వచించారు. అంటే అమెరికా అంగుళం వెనక ఉన్నది కూడా మీటరే. ఇంత ఉండీ 1975లో చేసిన చట్టంలో ‘ఇష్టమైతే మారండి’ అన్నారు. ఎవరికీ ఇష్టం కాలేదు. ఆ మార్పు కోసం వేసిన బోర్డును రీగన్ ప్రభుత్వం 1982లో ఎత్తేసింది. అప్పటి ఉత్సాహానికి గుర్తుగా ఆరిజోనాలో టూసన్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా పోయే 19వ నంబరు రహదారి మీద దూరాలు ఇంకా కిలోమీటర్లలో కనిపిస్తాయి. కాకినాడలోనో వరంగల్‌లోనో న్యూటన్లు, పాస్కళ్లలో పరీక్షలు రాసి వెళ్లిన తెలుగు ఇంజినీరు అక్కడ పౌన్లు, గాలన్లు, ఫారన్‌హీట్ నేర్చుకోవాలి. మన తాతలు ఎక్కి వచ్చిన మెట్లు అతను దిగుతాడు. 1999లో అంగారకుడి దగ్గరికి చేరిన నాసా నౌక ఒకటి, ఒక బృందం పౌన్లలోనూ ఇంకోటి న్యూటన్లలోనూ లెక్క కట్టడంతో నాశనమైంది. ఆ సంఘటన తర్వాత కూడా అమెరికా రోడ్ల మీద మైళ్లు కదల్లేదు.

బ్రిటన్ 1965లో మొదలుపెట్టి సగం దారిలో కూర్చుంది. పాలు, బీరు పైంట్లలో, రోడ్లు మైళ్లలో, మిగతా సరుకు కిలోల్లో. 2001లో సండర్లాండ్‌లో ఒక వ్యాపారి అరటిపళ్లను పౌన్ల త్రాసులో తూచినందుకు శిక్ష పడితే అతన్ని వీరుణ్ని చేశారు. బ్రెగ్జిట్ తర్వాత పాత కొలతలు తిరిగి తేవాలా అని 2022లో ప్రభుత్వమే జనాన్ని అడిగింది. లక్షకు పైగా జవాబులు వస్తే అందులో 98.7 శాతం మెట్రిక్కే కావాలన్నాయి. మార్చుకోవాలా అన్న ప్రశ్నకు ఈ మూడు దేశాల అనుభవం ఒకటే జవాబు చెబుతోంది. మార్చేటప్పుడు తేదీ పెట్టాలి, పాత గుండును లాక్కోవాలి. ఇష్టానికి వదిలితే మారదు.

మన దేశం ఆ పని కొట్టు గల్లా దగ్గర గట్టిగా చేసింది. మిగతాచోట్ల చేయలేదు, ఒక్కోచోట చేయాలని అనుకోనూ లేదు. నెల్లూరు రైతు వడ్ల ధర ఇప్పటికీ పుట్టికి ఇంత అనే చెబుతాడు. పుట్టి పాత్ర కొలత పోగొట్టుకుని 850 కిలోల తూకమైపోయింది. గోదావరి జిల్లాల్లో 75 కిలోల బస్తా. మద్దతు ధర మాత్రం క్వింటాల్‌కు ప్రకటిస్తారు. పేర్లు పాతవి, లోపల కిలోలు. 1871 నాటి మేయో ఉపాయం ఇలా తలకిందులై నెల్లూరులో ఫలించింది.

బంగారంలో చట్టం ఎప్పుడో గ్రాములకు వచ్చింది. అయినా తెలంగాణలో 2023 ఎన్నికల మేనిఫెస్టోలో ఆడపిల్ల పెళ్లికి తులం బంగారం హామీ ఉంది. ఆ తులం 1833 నాటి 11.66 గ్రాములు కాదు, జనం వాడుకలో 10 గ్రాములు. కోస్తాలో కాసు అంటే ఎనిమిది గ్రాములు. మల్లెపూలు అమ్మే మనిషి మూర తన మోచేతి పొడవే. ఆ మూరకు ముద్ర వేసే అధికారి లేడు. ఒంట్లో జ్వరం 102 అంటారు, బయట ఎండ 45 అంటారు. రెండూ డిగ్రీలే, ఒకటి ఫారన్‌హీట్, ఇంకోటి సెల్సియస్. ఆ పూట ఇంట్లో ఎవరూ తికమకపడరు.

భూమి దగ్గరకొస్తే ప్రభుత్వమే వెనకడుగు వేసింది. వానలకు పంట పోతే పరిహారం హెక్టారుకు ఇంత అని ప్రకటిస్తారు. రైతు వెంటనే 2.47తో భాగించి ఎకరాకు ఎంతో చూసుకుంటాడు. అదే ప్రభుత్వపు రిజిస్ట్రేషన్ శాఖ పొలానికి ఎకరం లెక్కన, ఇళ్లస్థలానికి చదరపు గజం లెక్కన విలువ కడుతుంది. ఆంధ్రలో ఎకరాకు నూరు సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. వందేళ్ల నాటి దస్తావేజులో హద్దులు రాసిన కొలతలోనే తగాదా వస్తుంది, తగాదా వస్తే కోర్టు చూసేది ఆ దస్తావేజునే. వీశె గుండును లాక్కున్నట్టు దస్తావేజును లాక్కోలేరు. కిలో వంకాయలు సాయంత్రానికి కూర అయిపోతాయి, వాటి తూకం ఎవరికీ గుర్తుండక్కర్లేదు. ఎకరం పొలం మనవడి దాకా వెళ్తుంది.

నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. తెలుగు రాష్ట్రాల మధ్య, పొరుగు రాష్ట్రాలతో ఇంతకాలంగా నడుస్తున్న అతిపెద్ద తగాదా అంతా టీఎంసీల్లోనే, అంటే వందకోట్ల ఘనపుటడుగుల్లోనే. కిలో తప్పనిసరై పదేళ్లు దాటాక వచ్చిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పు కృష్ణలో 75 శాతం నమ్మకంతో దొరికే నీరు 2,060 టీఎంసీలని చెప్పి, తిరిగి నదిలో చేరే నీటితో కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. రాష్ట్రం విడిపోయాక ఆ 811ని 512, 299గా తాత్కాలికంగా పంచుకున్నారు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. మార్చి రాయడం పావుగంట పని. కానీ మార్చేటప్పుడు దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలు ఉంచాలన్న దగ్గరే కొత్త కేసు పడుతుంది. పాత ఒప్పందాలు, కాలువల డిజైన్లు, ఆనకట్టల పట్టికలు అన్నీ అడుగుల్లోనే ఉన్నాయి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, సాగర్ 590. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టు వరదలో అది 75.6 అడుగులు చేరింది. ఈ అంకెలు ఆ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. వాటిని మీటర్లలో చెబితే గట్టు మీద నిలబడ్డవాడికి లేచి పరుగెత్తాలో లేదో అర్థం కాదు. ఇది చాదస్తం కాదు, ప్రాణాల లెక్క.

కొత్తగా కట్టేవి మాత్రం మీటర్లలోనే కడుతున్నారు. పోలవరం నిండు మట్టం 45.72 మీటర్లని కాగితాల్లో ఉంటుంది, తొలిదశలో నీళ్లు నిలపాలన్న మట్టం 41.15 మీటర్లని వార్తల్లో వస్తుంది. ఇంత చిందరవందర అంకెలు ఏ ఇంజినీరూ కావాలని ఎంచుకోడు. వాటిని 0.3048తో భాగిస్తే మొదటిది 150 అడుగులు, రెండోది 135 అడుగులు.